పవర్ డిక్కీ సగంలో ఆగిపోతే మోటార్లు మార్చాల్సిందేనా?

అడిగినాయన ఎస్టేట్ కారు (వెనక సామాన్ల చోటు పొడవుగా ఉండే బండి) డిక్కీ బటన్ నొక్కితే సగం లేచి ఆగిపోతోందట, రెండు వైపులా మోటార్లు మార్చాలని షోరూమ్‌లో చెప్పారట. మార్పించాలా అని ప్రశ్న.

ఇప్పుడే వద్దండి. మీ డిక్కీ ప్రతిసారీ ఒకే ఎత్తులో ఆగుతోందా, ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతోందా అన్నది మీరు రాయలేదు, అసలు కీలకం అక్కడే ఉంది. ఒకే చోట ఆగి, బీప్ కొట్టి, వెనక్కి దిగుతుంటే మోటారు తప్పు కాదని స్టాంపు పేపర్ మీద రాసిస్తాను.

మాది కూడా అలాంటి బండే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మా బావమరిది నిశ్చితార్థానికి ఉప్పల్ వైపు ఫంక్షన్ హాలుకి వెళ్తే, వెనకంతా పళ్ళాలు, స్వీట్ డబ్బాలు, చీరల కవర్లు. మా అత్తగారు వంగి పళ్ళెం అందుకుంటుండగా, నడుము ఎత్తు దాకా లేచిన తలుపు కాస్తా కిందికి బయల్దేరింది. దెబ్బేమీ తగల్లేదు, అడ్డు తగలగానే అదే పైకి పోయింది, అంచుల్లో ఉండే రబ్బరు పట్టీల పని అదే కదా. కానీ ఆవిడ మాత్రం ఇప్పటికీ దాన్ని కరిచే బండి అనే అంటారు.

సర్వీస్ సెంటర్‌లో కాఫీ ఇచ్చారు, స్కానర్ పెట్టారు, రెండు స్పిండిళ్ళూ, అంటే రెండు పక్కలా ఉండి తలుపుని ఎత్తే మోటారు కడ్డీలు, మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. స్కానర్‌లో ఏ ఫాల్ట్ కోడ్ వచ్చిందో చూపించండి అంటే "సిస్టమ్ అలాగే చెప్తోంది సార్" అన్నారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. కోడ్ అనేది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో చెబుతుంది తప్ప ఏ పార్ట్ కొనాలో చెప్పదు. వైరు పట్టుకుని వెతకడానికి టైం పడుతుంది, పార్ట్ మార్చడానికి పట్టదు, పైగా దాని మీద లాభం కూడా ఉంటుంది. ఇంకెందుకు వెతుకుతారు?

అక్కడి నుంచి రాణిగంజ్ పోయాను. ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, పెద్దాయన. డిక్కీ తెరవకముందే "నంబర్ ప్లేట్ లైటు సరిగ్గా వెలుగుతుందా సాబ్?" అని అడిగాడు. డిక్కీకీ లైటుకీ ఏం సంబంధం అనుకుంటూనే పార్కింగ్ లైట్లు వేశాను, ఆయన తలుపుని చేత్తో మెల్లగా పైకీ కిందికీ ఆడించాడు. ఒక చోటికి రాగానే లైటు టపటపా కొట్టుకుంది. "మోటారు ఖరాబ్ కాలేదు సాబ్, లోపల వైరు తెగింది" అని హింజ్ దగ్గర మడతలు మడతలుగా ఉండే నల్ల రబ్బరు గొట్టాన్ని ఊడదీశాడు. ఒక వైరు పూర్తిగా తెగిపోయి ఉంది, ఇంకోటి రెండు మూడు రాగి పోగుల మీద వేలాడుతోంది.

బాడీ నుంచి తలుపులోకి పోయే వైర్లన్నీ సాధారణంగా ఆ గొట్టంలోంచే పోతాయి. నంబర్ ప్లేట్ లైటు, వెనక వైపరు, అద్దం హీటరు, కెమెరా, లాకు, అన్నీ. తెరిచి మూసిన ప్రతిసారీ అవి అక్కడే వంగుతాయి. మన హైదరాబాద్ మే నెలలో, 40 డిగ్రీలు దాటే ఎండలో, ఓపెన్ పార్కింగ్‌లో ఏళ్ళ తరబడి నిలబెడితే పైన ప్లాస్టిక్ బిరుసెక్కి పగులుతుంది. ఆ తర్వాత తలుపు ఒక కోణానికి రాగానే తెగిన కొసలు విడిపోతాయి, సిగ్నల్ పోయి డిక్కీని నడిపే కంట్రోల్ మాడ్యూల్ అక్కడికక్కడే ఆపేస్తుంది. కాబట్టి మీ కారులో వెనక వైపరో కెమెరానో కూడా అప్పుడప్పుడూ మొరాయిస్తుంటే ఇంక ఆలోచించక్కర్లేదు.

రిపేరులో ఒక్క సంగతి గట్టిగా చెప్పండి. తెగిన చోటే మెలేసి టేపు చుట్టించుకోవద్దు, సోల్డరింగ్ కూడా ఆ వంగే చోట వద్దు, అక్కడ వైరు గట్టిపడి పక్కనే మళ్ళీ తెగుతుంది. సన్న పోగుల మెత్తటి వైరు కొత్త ముక్క వేసి, అతుకులు గొట్టానికి అవతలా ఇవతలా వచ్చేలా చేయించాలి. మాకు అలాగే చేశాడు, స్లీవ్ కూడా వేశాడు. బ్యాటరీ వైరు తీసి పెడితే చాలా బండ్లలో డిక్కీ ఎక్కడిదాకా లేవాలి, ఎక్కడ మూసుకోవాలి అన్న లెక్క మర్చిపోతుంది, చేత్తో పూర్తిగా మూసి తర్వాత బటన్‌తో పైదాకా ఒకసారి ఆడించాలి.

మోటారే పోయిన సందర్భాలు లేవనను. ఒక పక్క నుంచి కరకరమంటున్నా, పైకి లేచిన తలుపు నిలబడక మెల్లగా జారుతున్నా స్పిండిలే అనుమానించండి, అందులో మోటారుతో పాటు స్ప్రింగ్ కూడా ఉంటుంది. అప్పుడు ఇంకొకరు తలుపు పట్టుకోకుండా దాన్ని విప్పనివ్వకండి.

ఇంకోటి, మన అపార్ట్‌మెంట్ సెల్లార్లు. బిల్డర్లు బీములు ఎంత కిందికి దించుతారో తెలిసిందే కదా, తగలకుండా ఎవరో ఒకరు ఎత్తు తగ్గించి సెట్ చేసేసి ఉంటారు. మీ తలుపు మెత్తగా ఆగి, కిందికి దిగకుండా అక్కడే ఉండిపోతోందంటే అది రోగమే కాదు. చేత్తో పైదాకా ఎత్తి, తలుపు మీదున్న బటన్‌ని బీప్ వచ్చేదాకా నొక్కి పట్టుకోండి, చాలా మోడళ్ళలో సరిపోతుంది. బ్యాటరీ కూడా చూపించండి, బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, బాగా పడిపోతే డిక్కీ సరిగా పని చెయ్యదు.

కాలు ఊపితే తెరుచుకునే సెన్సర్ ఉన్న బండైతే వాటర్ వాష్‌కి ఇచ్చేటప్పుడు తాళం దూరంగా పెట్టండి. బంపర్ కింద నీళ్ళు కొడుతుంటే తలుపు దానంతటదే లేస్తుంది, కుర్రాడు కంగారులో చేత్తో కిందికి నొక్కేస్తాడు. బాగున్న స్పిండిళ్ళు పాడయ్యేది అలాగే.