‘బోనఫైడ్’ అంటే అసలు అర్థం ఏమిటి?

మహారాష్ట్రలోని సిరొంచ బళ్లలో ఇచ్చే బోనఫైడ్ కాగితం పేరుకు అర్థమేమిటని ప్రశ్న. లాటిన్‌లో ‘బోనా’ అంటే మంచి, ‘ఫిదే’ అంటే నమ్మకంతో. రెండూ కలిపితే ‘సద్భావంతో’. రోమన్ న్యాయశాస్త్రపు మాట ఇది. ఇంగ్లీషులో ‘నిజమైన’ అనే విశేషణంగానూ స్థిరపడింది. అంటే బోనఫైడ్ విద్యార్థి ఉత్త పేరుకు కాదు, నిజంగా ఆ బడిలో ఉన్నవాడు.

మన చట్టాల్లో ఈ ‘సద్భావం’ అర్థంలోనే అసలు తిరకాసు. చట్టాల్లో వాడే మాటలకు అర్థం చెప్పే 1897 జనరల్ క్లాజెస్ చట్టానికి నిజాయితీ ఉంటే చాలు, అజాగ్రత్తగా చేసినా సద్భావమే. 1860 శిక్షాస్మృతి 52వ సెక్షన్ మాత్రం తగిన జాగ్రత్త లేకపోతే ఒప్పుకునేది కాదు. దాని స్థానంలో వచ్చిన 2023 భారతీయ న్యాయ సంహితదీ అదే దారి.

ఇంగ్లీషులో నామవాచకంగా వాడే ‘బోనా ఫైడ్స్’లో చివరి ‘స్’ చూసి బహువచనం అనుకుంటారు. లాటిన్‌లో అది ఏకవచనమే.