టీ చవకైంది, తగువు అక్కడే

చిరంజీవి తమ్ముడికి,

1773 డిసెంబరులో బోస్టన్ రేవులో జనం టీ పారబోసిన రాత్రి మీద నువ్వు రాస్తున్న నవల మొదటి అధ్యాయాలు చదివాను. వాక్యం నీకు పట్టుబడింది. ఆయువుపట్టు దగ్గరే లెక్క తప్పింది. "పన్ను పెంచారు, జనం తిరగబడ్డారు" అని రాశావు. బ్రిటిష్ పార్లమెంటు తన అమెరికా వలసల మీద తెచ్చిన 1773 టీ చట్టం పన్ను పెంచలేదు. పౌను తేయాకుకు 3 పెన్నీల సుంకం 1767 నాటి చట్టంతో వచ్చిందే. అంతకుముందు ఈస్టిండియా కంపెనీ లండన్‌లో వేలం వేస్తే వర్తకులు కొని అమెరికాకు పంపేవారు. ఇప్పుడు కంపెనీయే తన ఏజెంట్లకు నేరుగా పంపుకోవచ్చు, ఇంగ్లండులో కట్టిన సుంకం వాపసు. దాంతో టీ చవకైంది, డచ్చి దొంగసరుకుతో పోటీపడేంతగా.

మరి బోస్టన్ జనానికి కోపమెందుకు? ఆ చవక టీ కొంటే, తాము ఎన్నుకోని పార్లమెంటు వేసిన పన్నుకు తలూపినట్టే. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలసకు గవర్నరైన హచిన్సన్‌కు జీతం ఇలాంటి సుంకాల సొమ్ములోంచే. ఇక ఆయన స్థానిక శాసనసభను లెక్కచెయ్యనక్కర్లేదు. పైగా బోస్టన్ ఏజెంట్లలో ఇద్దరు ఆయన కొడుకులే. రేవు దగ్గర నీ పాత్రలు వాదించుకోవాల్సింది దీని గురించి.

ఉత్కంఠ నువ్వు కల్పించక్కర్లేదు, చట్టంలోనే ఉంది. టీ మోసుకుని 'డార్ట్‌మత్' ఓడ నవంబరు 28న వచ్చింది. 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్‌వాళ్లు సరుకు జప్తు చేస్తారు. జనం టీ దింపనివ్వరు. సుంకం కట్టని ఓడ వెనక్కి పోవడానికి గవర్నరు చీటీ ఇవ్వడు. డిసెంబరు 16న ఓడ తరఫున ఫ్రాన్సిస్ రోచ్ మిల్టన్‌లోని గవర్నరు ఇంటికెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చేదాకా, ఓల్డ్ సౌత్ మందిరంలో వేలమంది కాచుకుని ఉన్నారు. నువ్వు దాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. ఒక అధ్యాయం మొత్తం ఇవ్వు.

ఆ రాత్రి నువ్వు పెట్టెల్ని అలాగే సముద్రంలోకి విసిరించావు. గొడ్డళ్లతో పగలగొట్టి ఆకు కుమ్మరించారయ్యా, తడిసి ఎందుకూ పనికిరాకుండా పోవాలని. మూడు ఓడలు, సుమారు 340 పెట్టెలు, దాదాపు 42 టన్నులు, మూడు గంటల పని. అప్పుడు ఆటు సమయం. నీళ్లు తక్కువై ఆకు ఓడ పక్కన గుట్టలుగా పేరుకుంటే తోసెయ్యాల్సి వచ్చింది. పగిలిన ఒక తాళానికి బదులు కొత్తది తెచ్చిచ్చారు. ఆ తాళాన్ని వదిలిపెట్టకు.

"అస్సాం తేయాకు" అన్న మాట కొట్టెయ్యి. అదంతా చైనా సరుకు, చాలావరకు బోహీ అనే నల్ల టీ. 'బోస్టన్ టీ పార్టీ' అనే పేరు కూడా ఏ పాత్ర నోటా రాకూడదు, అది దాదాపు యాభై ఏళ్ల తర్వాత వాడుకలోకొచ్చింది. కంపెనీ ఎవరో తెలుగు పాఠకుడికి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: అమెరికా మీద స్టాంపు చట్టం (పత్రాలు, కాగితాల మీద పన్ను) పడిన 1765లోనే, ఉత్తర సర్కారులకు మొగలు పాదుషా ఫర్మానా పుచ్చుకున్నది ఇదే కంపెనీ.

కథను ఆ రాత్రితో ఆపకు. పారబోసిన టీకి పరిహారం కట్టేదాకా అంటూ 1774 జూన్ 1న బ్రిటిష్ ప్రభుత్వం బోస్టన్ రేవు మూసేసింది. గొడ్డలి ముట్టని రేవు కూలీకి కూడా ఆ రోజునుంచి పని లేదు. అతని ఇంట్లో పొయ్యి దగ్గర ఏం జరిగిందో రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య