వేళ్ళు సరే, చెవి సంగతేమిటి?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: ఈసారి పియానో

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో గ్రేడ్ పరీక్షకు తయారవుతున్నాడు. తప్పు స్వరం ఒక్కటీ పడదు, వేగం కూడా ఉంది. అయినా టీచరు ‘అన్నీ ఉన్నాయి, పాట లేదు’ అంటున్నారు. అచ్చులో ఉన్న స్వరాలు అందరికీ ఒకటే కదా! ఒకరు గొప్ప పియానిస్టు, ఇంకొకరు మామూలు ఎలా అవుతారు?
(ఒక తల్లి, అన్నానగర్, చెన్నై)

జవాబు: టీచరుగారి మాట కటువుగా ఉన్నా పట్టించుకోదగ్గదే. స్వరాలు ఒకటేనండీ, కానీ కాగితం మీద చెప్పనిది చాలా మిగిలిపోతుంది. ఏ స్వరం ఎంత బలంగా మోగాలి, ఎప్పుడు రావాలి, ఎప్పుడు ఆగాలి, పెడల్‌తో ఎంత కలవాలి... పియానిస్టు చేతిలో ఉన్నవి ఇవే. వీణలో తీగ లాగి గమకం పలికించినట్టు, వయొలిన్ విల్లుతో స్వరాన్ని మధ్యలో పెంచినట్టు ఇక్కడ కుదరదు. కీ సుమారు 10 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అది అడుగు తాకేలోపే సుత్తి పట్టు విడిపించుకుని తనంతట తాను ఎగిరి తీగను కొడుతుంది. ఆ తర్వాత మీవాడు వేలిని ఎంత అదిమినా, ఎంత వణికించినా స్వరం బలం పెరగదు. పుట్టిన క్షణం నుంచీ అది తగ్గిపోతూనే ఉంటుంది.

అందుకే గొప్పవాళ్ళకు సగం పని స్వరం మోగాకే మొదలవుతుంది. పొడుగు స్వరం సగానికి తగ్గాక, పక్క స్వరాన్ని మొదటిదాని బలంతోనే కొడితే పాట నడుస్తూ నడుస్తూ గడప తట్టుకున్నట్టుంటుంది. తగ్గిన చోటునుంచి అందుకుంటే గొంతుతో పాడినట్టుంటుంది. అబ్బాయిని ఒక వరుస నోటితో పాడి, వెంటనే వాయించమనండి. తేడా వాడికే వినిపిస్తుంది.

తర్వాతది తూకం. పాట చాలాసార్లు కుడిచేతి చిటికెన వేలికే పడుతుంది, అదేమో అన్నిటికన్నా బలహీనం. సి, ఇ, జి మూడు కీల మీద వేళ్ళు పెట్టి, జి ఒక్కదాన్నే మోగించి, మిగతా రెండింటినీ చప్పుడు రాకుండా మెల్లగా దించమనండి. అది పట్టుబడ్డాక సి, ఇ లను గుసగుసలాగా మోగనివ్వాలి. చేతి బరువు చిటికెన వేలి వైపు కాస్త వాలాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, కింది స్వరాలు తగ్గించకుండా పైదాన్ని బాదడం. అప్పుడు పాట పైకి రాదు, రొద పెరుగుతుంది.

ఇంకొకటి, చేసిన ప్రతి పనికీ పాటలోనే కారణం ఉండాలి. కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్, జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’ను 1955లో రికార్డు చేశాడు, మళ్ళీ 1981లో చేశాడు. మొదట్లో వచ్చే ‘ఏరియా’ అనే పాట 1955లో రెండు నిమిషాల లోపే అయిపోతుంది, 1981లో మూడు నిమిషాలు దాటుతుంది. బాఖ్ అక్కడ వేగం గురించి ఒక్క మాట కూడా రాయలేదు, కాబట్టి ఏది ఒప్పో కాగితం తేల్చదు. కానీ రెండింటిలోనూ ఎడమచేతి వరుస కుడిచేతికి జవాబు చెబుతున్నట్టు విడిగా వినిపిస్తుంది. వేగం ఏదైనా దానికి కట్టుబడి చివరిదాకా నిలిచాడు. మన భాషలో చెప్పాలంటే కాలప్రమాణం కుదిరింది. పరీక్షకని కష్టమైన చోట నెమ్మదించి, తేలికైన చోట పరుగెత్తే వాయింపులో లేనిది అదే.

ప్రశ్న: బేతోవెన్ ‘మూన్‌లైట్’ సొనాటా మొదటి భాగమంతా డ్యాంపర్లు (తీగ మోతను ఆపే మెత్తలు) లేకుండా, అంటే పెడల్ తొక్కిపట్టి వాయించమని ఆయనే రాశాడట. అలా చేస్తే నా పియానోలో అంతా బురద అవుతోంది. గొప్పవాళ్ళు ఏం చేస్తారు?
(ఒక పాఠకుడు, వేళచ్చేరి)

జవాబు: మీరు చదివింది నిజమే. ‘సెంజా సోర్దీనో’ అంటే ఇక్కడ ‘డ్యాంపర్లు లేకుండా’ అనే. అయితే ఆ మాట రాసింది 1801 నాటి వియెన్నా పియానోకి. దాని చట్రం చెక్కది, తీగలు సన్నం, మోత త్వరగా ఆరిపోతుంది. నేటి పియానోలో ఇనుప చట్రం, బిగువైన లావు తీగలు. పాత స్వరం పోకముందే కొత్తది వచ్చి మీద పడుతుంది. అక్షరాన్ని పాటిస్తే ఆయన కోరిన తెర బదులు గజిబిజి వస్తుంది. ఆయన శిష్యుడు చెర్నీ కూడా కిందిస్వరం మారినప్పుడల్లా పెడల్ మార్చమనే చెప్పాడు.

చేయవలసిన పద్ధతి ఇది. మొదటి రెండు బార్లలో (మన ఆవర్తాల్లాంటివి) ఒక్కొక్కసారి, మూడో బార్‌లో కిందిస్వరం రెండుసార్లు మారుతుంది కాబట్టి రెండుసార్లు పెడల్ మార్చండి. కిందిస్వరం మోగేటప్పుడు పాదం పైకి, మోగిన వెంటనే కిందికి. కీ, పెడల్ రెండూ ఒకేసారి తొక్కితే పాత మోత కూడా పట్టుబడిపోతుంది. పెడల్ అందుకునేదాకా ఎడమచేతి కీ వదలకూడదు. ఇది అలవాటయ్యాక పాదాన్ని పూర్తిగా ఎత్తకుండా సగమే ఎత్తి చూడండి. లావు తీగల మోత కొంచెం మిగిలి, పై స్వరాలు తేటపడతాయి. ఎంత ఎత్తాలో కొలత చెప్పలేం, ఒక్కో పియానోకీ, ఒక్కో గదికీ మారుతుంది. మీ ఇంట్లో కుదిరింది హాల్లో కుదరదు.

పెడల్‌తో పాటు లయ కూడా చూసుకోండి. పై పాటలో పొడుగు స్వరం తర్వాత వచ్చే చిన్న స్వరాన్ని చాలామంది కింది మూడుస్వరాల గుంపులోని చివరిదానితో కలిపేస్తారు. కలవకూడదు. ఒక గుంపు పట్టే కాలాన్ని 12 పాళ్ళు చేస్తే అందులో మూడోది 8 పాళ్ళు గడిచాక, ఈ చిన్నది 9 పాళ్ళు గడిచాక రావాలి. ఆ ఒక్క పాలు ఎడమే ఆ పాటకు గుండెదడ. పైగా బార్‌కి రెండే దెబ్బలని గుర్తు ఉంది, కాబట్టి ఈడ్చకండి.

ప్రశ్న: కచేరీలు వినే చెవి నాది. రుబాటో పేరుతో కాలాన్ని సాగదీయడం తాళం తప్పడం కాదా?
(ఒక రసికుడు, మైలాపూర్)

జవాబు: తప్పేవాళ్ళూ ఉన్నారు, కొందరికి చప్పట్లు కూడా పడుతున్నాయి! షోపాన్ మాత్రం ఎడమచేయి బృందాన్ని నడిపించే పెద్దలా నిలకడగా ఉండాలనేవాడని ఆయన శిష్యులు చెప్పారు. తాళం వేసే చేయి ఆగకుండా, గాయకుడు సాహిత్యాన్ని కాస్త వెనక్కి లాగి మళ్ళీ అందుకున్నట్టన్నమాట. ఆయన 9వ ఓపస్ (రచన సంఖ్య)లోని రెండో నాక్టర్న్ అనే చిన్న పియానో రచన తీసుకోండి. ముందు ఎడమచేయి ఒక్కటే, మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) పెట్టి, పాటను నోటితో స్వేచ్ఛగా పాడుతూ వాయించండి. కుడిచేయి చివర్లో చేరాలి. ఆ పాట తిరిగి వచ్చిన ప్రతిసారీ అలంకారాలు పెరుగుతాయి, మన సంగతుల్లాగే. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ సంగతులు షోపానే రాసిపెట్టాడు. కొత్తవి కల్పించడం నేటి పియానిస్టు పని కాదు, రాసినవి అప్పుడే తట్టినట్టు వినిపించడం అతని పని.

ప్రశ్న: కళ్ళు మూసుకుని, ఊగుతూ వాయిస్తే భావం బాగా వస్తుందా?
(ఒక విద్యార్థిని, పెరంబూర్)

జవాబు: రాదు. మీ వాయింపును ఫోన్‌లో రికార్డు చేసి, తెర చూడకుండా వినండి. ఊగినది అందులో ఎంత మిగిలిందో అదే మీ భావం.

ప్రశ్న: ఇంట్లో డిజిటల్ పియానో ఉంది. ఈ సూక్ష్మాలన్నీ దాని మీద నేర్చుకోవచ్చా, అసలు పియానో కొనాలా?
(ఒక పాఠకుడు, తాంబరం)

జవాబు: బరువున్న 88 కీలు ఉంటే తూకం, లయ నేర్చుకోవచ్చు. పెడల్ ఒక్కటి సరిచూడండి. చాలా వాటితో వచ్చేది వెలిగించి ఆర్పే స్విచ్ లాంటిది, సగం ఎత్తడమన్నది దానికి తెలియదు. సగం పెడల్‌ను గుర్తించేది మీ మోడల్‌కు సరిపోతుందో లేదో అడిగి విడిగా కొనుక్కోవచ్చు. అసలు పియానో కొంటే మన సముద్రగాలితో పేచీ తప్పదు. వానాకాలంలో చెక్క ఉబ్బి కీలు ఇరుక్కుంటాయి, శ్రుతి పైకి జరుగుతుంది. రోజూ రెండు గంటలు ఏసీ వేసి ఆపేస్తే చెక్క ఉబ్బుతూ ముడుచుకుంటూ ఇంకా పాడవుతుంది. తేమ కొలిచే మీటరు పక్కన పెట్టుకుని గదిని 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంచండి, బయటి గోడకీ కిటికీకీ దూరంగా పెట్టండి. కొనేముందు 88 కీలనూ ఒక్కొక్కటిగా, వీలైనంత మెల్లగా నొక్కి చూడండి. మెల్లగా నొక్కితే కొన్ని మోగి, కొన్ని మోగకుండా పోతుంటే ఆ పియానోను ముందు టెక్నీషియన్‌కు చూపించాలి.