టార్గెట్ కోసం ఆపిన గంటకీ కూలి ఇవ్వాల్సిందే

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. గార్మెంట్ కంపెనీలో కుట్టు మెషిన్ మీద పనిచేస్తున్నాను. టార్గెట్ అవ్వకపోతే షిఫ్టు అయ్యాక గంటన్నర ఉంచేస్తారు, డబ్బులివ్వరు. మేం కుట్టే చొక్కాలు జర్మనీ వెళ్తాయట. ఇంటద్దె, పిల్లల ఫీజులు కట్టాక ఏమీ మిగలడం లేదు. బతకడానికి సరిపడా జీతం ఇవ్వాలని కేసు వేయొచ్చా?

జవాబు: అమ్మా, ఆ ఒక్క మాట మీద కేసు వేస్తే నిలవదు. బతకడానికి సరిపడా జీతం, అంటే జీవన వేతనం గురించి రాజ్యాంగం 43వ అధికరణంలో ఉంది గానీ, అది ఆదేశిక సూత్రం, అంటే ప్రభుత్వానికి దారి చూపే మాట మాత్రమే. కోర్టు ద్వారా అమలు చేయించుకోగలిగేది కనీస వేతనమే. దాని లెక్కలో కుటుంబానికి తిండి, అద్దె, ఏడాదికి 72 గజాల బట్ట ఉండాలని 1957లోనే ప్రభుత్వం, యాజమాన్యాలు, యూనియన్లు కలిసి కూర్చునే భారత కార్మిక మహాసభ చెప్పింది. పిల్లల చదువు, వైద్యం కూడా కలపాలని 1991లో సుప్రీంకోర్టు అంది. మీరు రాసిన ఖర్చులే అవి. సర్కారు రేటు వాటికి చాలకపోతే, పెంచమని యూనియన్‌తో కలిసి అడగాలి.

మీ కేసుకు బలం ఆ గంటన్నరలో ఉంది. మామూలు పనిగంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలి. టార్గెట్ పేరు చెప్పి ఎగ్గొట్టడానికి లేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ (జీతాల చట్టం) కింద మూడేళ్లలోపు క్లెయిమ్ వేయొచ్చు. డబ్బు ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సింది యాజమాన్యమే. బకాయి మీద పదింతల వరకు పరిహారం కూడా ఇమ్మని అధికారి యాజమాన్యాన్ని ఆదేశించవచ్చు. అయితే మీరు ఆగి పనిచేశారని చూపించాలి కదా. ఈ రోజు నుంచే ఒక నోటుబుక్కులో తేదీ, లోపలికి వెళ్లిన టైము, బయటికొచ్చిన టైము రాయండి. పక్క మెషిన్ వాళ్లనీ రాయమనండి. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం పెట్టొద్దు.

జర్మనీ కంపెనీ మీ యజమాని కాదు కాబట్టి ఇక్కడి లేబర్ ఆఫీసుకు దాన్ని రప్పించలేం. కానీ అక్కడి పెద్ద కంపెనీలకు 2023 జనవరి 1 నుంచి సప్లై చైన్ చట్టం వచ్చింది. సరుకు తయారుచేసేవాళ్లకు తగిన వేతనం అందకపోతే ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు వాళ్లు పెట్టాలి, ఫిర్యాదు చేసినవారి పేరు గోప్యంగా ఉంచాలి. లేబుల్ మీది బ్రాండ్ పేరు గుర్తుపెట్టుకోండి.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా విజయనగరంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లకండి, మీ లైన్‌లో వాళ్లని ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లండి.