ప్రోటీన్లు ‘సమావేశం’ అవుతాయా?

సందేహం: మా బడి సైన్సు పత్రిక కోసం ఇంగ్లీషు వ్యాసం ఒకటి తెలుగు చేస్తూ, self-assembling అన్న మాట వచ్చిన చోట “బ్యాక్టీరియా వైరస్‌ల నుండి ఉద్భవించిన స్వయం-సమావేశ ప్రోటీన్ నానోనాళికలు” అని రాశాను. మా తెలుగు మాస్టారు ‘స్వీయ కూర్పు’ అనమంటున్నారు. ఏది సరి? ప్రోటీన్‌ను మాంసకృత్తు అనాలా?
– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని

సమాధానం: రెండూ వద్దండి. సమావేశం అనగానే మనకు కుర్చీలు, మైకు, ఆలస్యంగా వచ్చే అధ్యక్షుడు గుర్తొస్తారు. సంస్కృతంలో ఆ మాటకు కలిసి చేరడమనే అర్థం ఉన్నా, తెలుగులో అది సభకే స్థిరపడింది.

మాస్టారి సూచనలో చిక్కు వేరు. ‘స్వీయ’ అంటే తనదైన: స్వీయచరిత్ర, స్వీయ సంపాదన. తానుగా అనే అర్థానికి ‘స్వయం’ ఉంది: స్వయంకృతం, స్వయంభువు. పైగా ‘కూర్చు’ సకర్మకం, ఎవరో ఒకరు కూర్చాలి. ఇంగ్లీషులో assemble అనే ఒకే క్రియ తానుగా చేరడానికీ, ఒకరు చేర్చడానికీ నడుస్తుంది. మనకు జంటలున్నాయి: అమరు–అమర్చు, చేరు–చేర్చు, పేరు–పేర్చు.

ఏది నప్పుతుందో తేలాలంటే అక్కడ జరిగేది చూడాలి. టీ4 అనే వైరస్ ఈ.కోలై బ్యాక్టీరియాకు సోకుతుంది. దాని తోకలో లోపల ఒక గొట్టం, పైన కత్తికి ఒరలా ఒక తొడుగు. ఆ ఒరలో ఒకే ప్రోటీన్ ప్రతులు 138 ఉంటాయి. ఆరేసి కలిసి కంకణంలా ఏర్పడి, అలాంటి 23 కంకణాలు ఒకదానిపై ఒకటి నిలుస్తాయి. వైరస్ వాలగానే 92 నానోమీటర్ల ఒర 42కు ముడుచుకుంటుంది, లోపలి గొట్టం సూదిలా దిగుతుంది. విచిత్రమేమంటే, ఒర ప్రోటీన్ ఒక్కటే ఉన్నా గొట్టంగా పేరుకుంటుంది. ఎక్కడ ఆగాలో చెప్పే లోగొట్టం లేదు గనుక ఒక్కోటి ఒక్కో పొడవు.

‘పేరుకుంటుంది’ అని నా కలం దానంతటదే రాసేసింది. నెయ్యి పేరుకుంది, పాలు తోడుకున్నాయి, తీగ అల్లుకుంది అంటాం. పక్కన ‘కొను’ ఉంటే చేసినవాడిని వెతకక్కర్లేదు. కాకపోతే ఇప్పుడు పేరుకునేది ఎక్కువగా చెత్త, బకాయిలు. అందుకే నా ఓటు ‘అమరు’కే. బహువచనం కాబట్టి ‘తమంత తాము’ అనాలి.

‘ఉద్భవించిన’ కూడా పొసగదు. ఆ ప్రోటీన్ జన్యువును సాధారణంగా ఈ.కోలైలోనే పెట్టి, దానిచేతే ప్రోటీన్ తయారు చేయిస్తారు. వైరస్ నుంచి గొట్టాలేమీ పుట్టుకురావు. ఇక ‘బ్యాక్టీరియా వైరస్‌లు’ అంటే బ్యాక్టీరియాలూ వైరస్‌లూ అని ద్వంద్వంగా చదివే ప్రమాదముంది. నేనైతే ఇలా రాస్తాను: “బ్యాక్టీరియాకు సోకే వైరస్‌ల ప్రోటీన్లు తమంత తాము అమరి ఏర్పడే నానోగొట్టాలు”. నాళిక తప్పు కాదు, గొట్టం పిల్లలకు దగ్గర. సంస్కృత పదానికి తెలుగు పదాన్ని అతికిన వైరి సమాసమని ఎవరైనా అంటే, నానో సంస్కృతం కాదు, మరుగుజ్జు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందని చెప్పండి.

మాంసకృత్తు చక్కని మాటే: మాంసాన్ని చేసేది. విద్యుత్ విద్యుత్తు అయినట్టు కృత్ కృత్తయింది. కందిపప్పులో మాంసకృత్తులున్నాయంటే అందం; వైరస్ తోకకు తొడుగయ్యేదాన్ని అలా అంటే నప్పదు. అక్కడ ప్రోటీన్ అనే రాయండి.