పాస్టరు గారు రాని ఆదివారం

ప్రశ్న: మా పాస్టరు గారు నాలుగు ఊళ్ళ సంఘాలు చూసుకుంటారు. ఆయన రాని వారం ఆరాధన నడిపేవాళ్ళుండరు. వచ్చేదేమో ఎక్కువగా ఆడవాళ్ళం, ఇంటర్ చదివే పిల్లలు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీకు మనుషులున్నారు, వాళ్ళ చేతికి పని రాలేదంతే. మీ పక్కనే ఉన్న దోర్నకల్ సంగతి చూడండి. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు పల్లెల్లోంచే ఉపదేశకులను తయారుచేశారు. వాళ్ళ భార్యలకూ శిక్షణ ఇప్పించారు. ఆ రోజుల్లో అదెంత పెద్ద మాటో ఆలోచించండి!

ముందు పాస్టరు గారితో మాట్లాడండి. ఆయనకు చెప్పకుండా మొదలుపెడితే మనస్పర్థలొస్తాయి. తర్వాత ఒక ఇంటర్ అమ్మాయికి వాక్యపఠనం అప్పగించండి. ఏ భాగమో గురువారమే చెప్పి, మీ ఇంట్లో రెండుసార్లు గట్టిగా చదివించండి. నెబుకద్నెజరులాంటి పేర్ల దగ్గర తడబడితే అక్కడే సరిచేయండి, అందరి ముందూ వద్దు. బాగా అలవాటయ్యాక ఆ అమ్మాయే ఇంకొకరికి నేర్పాలి. పాటలు, ప్రార్థన కూడా అంతే. ప్రసంగానికి తొందరపడకండి.

కానుకలు మాత్రం మొదటి వారం నుంచే ఇద్దరు కలిసి లెక్కపెట్టి, పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి. డబ్బు మీద అనుమానం పుట్టి చీలిపోయిన సంఘాలను కళ్ళారా చూశాను.

పాస్టరు గారు వచ్చినప్పుడు, ఆరాధన అయ్యాక ఒక అరగంట ఈ పిల్లలతో కూర్చోమని అడగండి. కాదనరు.