పీహెచ్‌డీ కోసం ఏ సైట్ చూడాలి?

మీరు మైక్రోబయాలజీ, మీ చెల్లెలు చరిత్ర. ఇద్దరికీ పనికొచ్చే ఒక్క సైట్ చెప్పమన్నారు. యూరప్ వరకు యూర్యాక్సెస్‌లో అన్ని సబ్జెక్టుల ప్రకటనలూ వస్తాయి, చూడండి. కానీ మీరిద్దరూ వెతకాల్సింది ఒకటి కాదు. సైన్సులో చాలావరకు డబ్బు ప్రొఫెసర్ ప్రాజెక్టులో ఉంటుంది, మీరు ఆ డబ్బు ఎక్కడుందో వెతకాలి. చరిత్రలో అంశం మీ చెల్లెలిదే. దాన్ని గైడ్ చేయగల మనిషిని ఆమె వెతకాలి.

నేను బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్‌గా (ప్రాజెక్టు డబ్బుతో పెట్టుకునే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా) పనిచేసి, తర్వాత జర్మనీలో పీహెచ్‌డీ చేశాను. ఆ అవకాశం ప్రకటన చూస్తే దొరికింది కాదు. నచ్చిన పేపర్ల చివర, ఎవరి నిధులతో పని జరిగిందో రాసే రెండు లైన్లు ఉంటాయి కదా, అవి చదివేదాన్ని. అక్కడ డీఎఫ్‌జీ (పరిశోధనలకు నిధులిచ్చే జర్మన్ సంస్థ) అని ఉంటే, ఆ సంస్థ నిధులిచ్చిన ప్రాజెక్టులన్నీ జెప్రిస్ అనే డేటాబేస్‌లో ఉంటాయి, ఏ ఏడాది మొదలైందో సహా. కొత్తగా మొదలైన ప్రాజెక్టు అంటే మనుషులు కావాలన్నమాట. యూరోపియన్ యూనియన్ ప్రాజెక్టులకు కార్డిస్ అనే డేటాబేస్ ఉంది. ఏటా సెప్టెంబర్ ప్రాంతంలో ఈఆర్‌సీ (యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్) స్టార్టింగ్ గ్రాంట్లు వచ్చినవాళ్ల జాబితా వస్తుంది. ఐదేళ్లకు 15 లక్షల యూరోల దాకా ఇస్తారు, అందులో పీహెచ్‌డీ విద్యార్థుల జీతాలూ ఉంటాయి. ప్రకటన పడకముందే అలాంటివాళ్లకు మెయిల్ రాయండి. వాళ్ల పేపర్‌లో ఏ ప్రయోగం మీకు ఆసక్తిగా ఉందో, మీ చేతికి ఏ టెక్నిక్ వచ్చో నాలుగు ముక్కల్లో చాలు. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలయ్యే ఒకే మెయిల్‌ను అందరికీ పంపితే ఎవరూ చదవరు.

జర్మనీ ప్రకటనల్లో 'ఈ13, 65 శాతం' అని కనిపిస్తే కంగారు పడకండి. అది ఉద్యోగం, ఈ13 అనే జీతాల స్కేలులో 65 శాతం జీతం అని అర్థం. పని మాత్రం నూటికి నూరు శాతం చేయిస్తారు, అది వేరే సంగతి.

ఇక్కడే, ఇండియాలోనే చేయాలనుకుంటే ఒక తేడా తెలుసుకోండి. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో వచ్చిన జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ మీ పేరు మీద ఉంటుంది, 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్ ఆ ప్రాజెక్టుతోనే అయిపోతుంది. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఇస్తారో లేదో చేరేముందే అడగాలి, మొహమాటపడొద్దు. ల్యాబ్‌లో చేరినంత మాత్రాన పీహెచ్‌డీలో చేరినట్టు కాదు.

మీ చెల్లెలి విషయానికొస్తే, అమెరికాలో చరిత్ర విభాగాలు ఏడాదికి ఒక్కసారే తీసుకుంటాయి, గడువు ఎక్కువగా డిసెంబర్‌లో. మంచి విభాగాలు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ కూడా ఇస్తాయి. ఆమె ఏ కాలం, ఏ ప్రాంతం మీద పనిచేయాలనుకుంటోందో, ఆ రికార్డులు ఏ భాషలో, ఎక్కడ ఉన్నాయో ముందే తేల్చుకోవాలి. తెలంగాణ చరిత్ర అయితే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో పర్షియన్, ఉర్దూ కాగితాలే ఎక్కువ. అవి చదవగలిగితే ఆమె దరఖాస్తుకు బలం వేరు. ఇక్కడ చేరాలంటే యూజీసీ నెట్ రాయమనండి. 2024 నుంచి జేఆర్‌ఎఫ్ రాకపోయినా ఆ మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి పనికొస్తున్నాయి, కానీ ఏడాది వరకే.

మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు దేని మీదో కింద రాయండి, ఏ ల్యాబ్‌లు సరిపోతాయో చూసి చెబుతాను.